నాన్నగారికి కుంగుబాటు అన్నారు, ఇంట్లో ఎవరూ మందు వేయనివ్వడం లేదు

గోరింట | జూన్ 8
అందరికీ నమస్కారం. నాన్నగారికి 66 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లెలో ఉంటారు. లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేశారు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. సంక్రాంతి తరువాత నుంచి ఆయన తిండి తగ్గిపోయింది. పెసరట్టు అంటే ఎంతో ఇష్టం, ఇప్పుడు రెండు ముక్కలు తిని "రుచి తెలియడం లేదు" అని లేచిపోతున్నారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది, ఇక నిద్ర ఉండదు. ఛాతీలో బరువు, కడుపులో మంట, కాళ్ళు లాగడం. పొద్దున్నే పేపరు చదవనిదే కాఫీ తాగని మనిషి ఇప్పుడు పేపరు మడత కూడా విప్పడం లేదు.

గుండె డాక్టరుకు చూపించాం, కడుపు డాక్టరుకు చూపించాం. ఎండోస్కోపీ, స్కానింగులు అయ్యాయి. అన్నీ బాగున్నాయన్నారు. ఊళ్ళో వైద్యం చేసే ఆయన పిలిచినప్పుడల్లా వచ్చి సెలైన్ ఎక్కించి వెళ్ళేవారు. చివరికి ఒక ఫిజీషియన్ తీరికగా కూర్చోబెట్టి మాట్లాడి, ఇది కుంగుబాటు అని చెప్పి ఎస్సిటలోప్రామ్ రాశారు. సైకియాట్రిస్టుకు కూడా చూపించమన్నారు.

అమ్మ ఒప్పుకోవడం లేదు. "మాస్టారికి పిచ్చి మందులా? ఊళ్ళో తెలిస్తే ఏమనుకుంటారు?" అంటోంది. మామయ్య "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మానలేరు" అంటున్నాడు. నాన్నగారినే అడిగితే "నాకేమీ లేదమ్మా, ఓపిక లేదు, అంతే" అంటారు. ఆయన ఏడవడం లేదు. బాధగా ఉందని ఒక్కసారి కూడా అనలేదు. మరి ఇది డిప్రెషనేనా? మందు చీటీ నా దగ్గరే ఉంది. ఏం చేయాలో తోచడం లేదు.

వేపచెట్టు | జూన్ 8
గోరింట గారూ, ముందు ఆ ఫిజీషియన్‌కు దండం పెట్టాలి. నాకు ఈ జబ్బు పేరు తెలియడానికే రెండు గుండె పరీక్షలు పట్టాయి. నాకూ మొదట వచ్చింది ఏడుపు కాదు. స్నానానికి లేవాలంటే కొండ ఎక్కాల్సి వచ్చినట్టు ఉండేది. పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చి మీద పడితే ముద్దు రాకపోగా శబ్దం భరించలేకపోయేవాడిని. బాధ లేదని చెప్పడం నిజమే కావచ్చు, లోపల ఏమీ అనిపించకపోవడమే ఆ జబ్బు. నేను ఎనిమిదేళ్ళుగా ఉద్యోగం చేసుకుంటూనే ఉన్నాను. మధ్యలో ఒకసారి తిరగబెట్టింది, మళ్ళీ బాగయ్యాను. మీ నాన్నగారు బాగవుతారు.

కోస్తా డాక్టరు | జూన్ 9
ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రిస్టుగా పని చేస్తున్నాను. ఇక్కడ రాసింది చూసి ఎవరూ మాత్ర మొదలుపెట్టవద్దు, మానవద్దు. విషయం అర్థం కావడానికే రాస్తున్నాను.

కుంగుబాటును నిర్ధారించేందుకు మేము చూసే లక్షణాలు తొమ్మిది. మనసు దిగులుగా ఉండడం ఒకటి. ఇంతకు ముందు ఇష్టపడినవాటి మీద ఆసక్తి, ఆనందం పోవడం మరొకటి. ఈ రెండిటిలో ఏదో ఒకటి ఉండి తీరాలి, రెండూ అక్కర్లేదు. దానితో పాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం, మాటలో, నడకలో మందకొడితనం లేదా నిలవలేనితనం, తాను పనికిరానివాడినన్న భావన, చావు గురించిన ఆలోచనలు. ఇవన్నీ కలిపి కనీసం 5 లక్షణాలు రెండు వారాల పాటు దాదాపు రోజంతా ఉండి, మనిషి జీవితాన్ని అడ్డుకుంటుంటే దాన్ని కుంగుబాటు అంటాం. పేపరు విప్పని మాస్టారు, రుచి తెలియని పెసరట్టు, మూడింటికి మెలకువ. మీరు రాసినవాటిలోనే చాలా ఉన్నాయి. పెద్ద వయసులో దిగులు మాటల్లో బయటపడడం తక్కువ, ఒంట్లోంచి పలకడం ఎక్కువ. అందుకే వృద్ధుల కోసం 15 అవును, కాదు ప్రశ్నలతో ఒక ప్రశ్నావళి తయారు చేశారు. అందులో ఒళ్ళు నొప్పులు, ఆకలి లాంటివి కావాలనే వదిలేశారు, ఎందుకంటే ఆ వయసులో వాటికి వేరే కారణాలు ఉండవచ్చు.

మందుకు ముందు థైరాయిడ్, రక్తంలో హిమోగ్లోబిన్, బి12, షుగరు, సోడియం చూడమని అడగండి. థైరాయిడ్ తక్కువైనా అచ్చం ఇలాగే ఉంటుంది. ఆయన వాడే మందులన్నీ తీసుకెళ్ళి చూపించండి. ఎప్పుడైనా దీనికి పూర్తి విరుద్ధంగా, నిద్ర అవసరం లేకుండా విపరీతమైన హుషారుతో, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెడుతూ, పెద్ద పెద్ద పథకాలు వేస్తూ కొన్ని రోజులు గడిపారా అన్నది కూడా చెప్పాలి. అది బైపోలార్, అంటే కుంగుబాటు, అతి హుషారు మార్చి మార్చి వచ్చే జబ్బు అయితే కుంగుబాటు మందు ఒక్కటే ఇస్తే ఆ హుషారు అదుపు తప్పే ప్రమాదం ఉంది. ఈ ప్రశ్న అడగకుండా మందు రాయకూడదు.

ఇంకొకటి. "నేను పోతే మీకు హాయి" లాంటి మాట ఎప్పుడైనా అన్నారా?

గోరింట | జూన్ 9
అన్నారండీ. మొన్న అమ్మతో "నేను పోతే నీకు పెన్షనులో సగమైనా మిగులుతుంది" అన్నారట. అమ్మ కోపగించుకుని ఊరుకోబెట్టిందట. నాకు నిన్ననే చెప్పింది. డాక్టరు గారూ, దాని గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని భయంగా ఉంది.

కోస్తా డాక్టరు | జూన్ 9
అవదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఎన్నో అధ్యయనాలు దీన్ని చూశాయి. చాలామందికి ఎవరో ఒకరు అడిగినందుకే ఊపిరి తీసుకున్నట్టవుతుంది. "నాన్నా, బతకాలని అనిపించడం లేదా? చనిపోవాలని ఆలోచన వస్తోందా?" అని తిన్నగా అడగండి. అవునంటే వాదించకండి, తిట్టకండి, ప్రమాణాలు చేయించకండి. పక్కన ఉండండి. పొలం ఉన్న ఇల్లయితే పురుగు మందులు, ఇంట్లో మిగిలిన మాత్రలు ఈ రోజే వేరే ఇంటికి చేర్చండి, లేదా తాళం వేసి తాళంచెవి వేరేవాళ్ళ దగ్గర ఉంచండి. ఆ ఆలోచన తీవ్రంగా వచ్చే సమయం చాలామందిలో ఎక్కువసేపు ఉండదు, ఆ సమయంలో చేతికి ఏదీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది. ఆలోచన దాటి ఏర్పాట్ల దాకా వెళ్ళినట్టు అనిపిస్తే అపాయింటుమెంటు కోసం ఎదురు చూడవద్దు, దగ్గరలోని పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి.

14416 కు ఫోను చేస్తే టెలీ మానస్ వాళ్ళు మాట్లాడతారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ ఇది, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మీరు కూడా చేయవచ్చు, రోగే చేయాలని లేదు.

నిర్వాహకులు | జూన్ 9
పై జవాబును చర్చ మొదట్లోనే కనిపించేలా ఉంచాం. ఇలాంటి పరిస్థితిలో ఉన్నవారు ఎవరైనా ముందు అది చదవండి.

సూటి మాట | జూన్ 10
నా అభిప్రాయం వేరు. పదవీ విరమణ తరువాత మనిషికి పని లేకుండా పోయింది, గౌరవం తగ్గింది, పిల్లలు దూరంగా ఉన్నారు. ఇవి జీవితంలో వచ్చిన కష్టాలు. వీటికి మాత్ర ఏమిటి? మెదడులో సెరోటోనిన్ తగ్గడమే డిప్రెషన్‌కు కారణమని ముప్పై ఏళ్ళు చెప్పారు. 2022లో లండన్ పరిశోధకులు ఉన్న అధ్యయనాలన్నీ వడపోసి ఆ మాటకు నిలకడైన ఆధారం లేదని తేల్చారు. అలాంటప్పుడు ఆ సిద్ధాంతం మీద నిలబడ్డ మందులను ఎలా నమ్మాలి? తక్కువ చేసి మాట్లాడాలని కాదు, మా చెల్లెలికి కనీసం పది నిమిషాలు కూడా వినకుండా మూడు రకాల మాత్రలు రాసిచ్చారు. ఆ కోపం నాకు ఇంకా ఉంది.

కోస్తా డాక్టరు | జూన్ 10
మీ చెల్లెలి విషయంలో మీ కోపం న్యాయమైనది. వినకుండా రాయడం వైద్యం కాదు.

సెరోటోనిన్ విషయంలో మీరు చెప్పింది చాలావరకు నిజం. "రసాయనం తగ్గింది, మాత్ర దాన్ని నింపుతుంది" అన్నది విషయాన్ని మరీ సులువు చేసి చెప్పిన కథ. కానీ ఈ మందులు ఆ సిద్ధాంతంలోంచి పుట్టలేదు. 1950లలో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ ఇస్తే వాళ్ళ మనసు తేలికపడడం గమనించారు. అదే దశాబ్దంలో స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ వేరే జబ్బు కోసం పరీక్షిస్తున్న ఇమిప్రమిన్ కుంగుబాటు మీద పని చేయడం చూశారు. ముందు ఫలితం కనిపించింది, ఎందుకన్న వివరణ తరువాత వెతికారు. వివరణ తప్పయినంత మాత్రాన ఫలితం లేకుండా పోదు. 2018లో 21 మందుల మీద జరిగిన 522 ప్రయోగాలను కలిపి చూస్తే, అన్నీ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పని చేశాయి. అయితే తేడా సగటున ఒక మోస్తరే. అది కూడా దాచకుండా చెప్పాలి.

కాబట్టి ఎవరికి అన్నదే అసలు ప్రశ్న. తేలికపాటి కుంగుబాటుకు మొదటే మందు ఇవ్వవద్దని, మాటల చికిత్స, వ్యాయామం లాంటివి ముందు చూడమని బ్రిటన్ మార్గదర్శకాలు 2022లో స్పష్టంగా చెప్పాయి. నేనూ అదే పాటిస్తాను. కానీ తిండి మానేసి, బరువు తగ్గి, చావు మాట ఎత్తుతున్న 66 ఏళ్ళ మనిషిని "పని కల్పించండి, సరిపోతుంది" అని పంపించను. కారణం జీవితంలోనే ఉండవచ్చు. జబ్బు ముదిరాక కారణం తీసేసినా అది పోదు. పైగా ఉద్యోగం పోయిందన్న బాధకు పరిష్కారం వెతుక్కోవడానికి కూడా ముందు లేచి కూర్చునే ఓపిక రావాలి కదా.

మందుల బీరువా | జూన్ 10
పాతికేళ్ళుగా మందుల దుకాణం నడుపుతున్నాను. మామయ్య గారి భయం గురించి ఒక మాట. ఆ భయం గాలిలోంచి రాలేదు. మన ఊళ్ళలో "నిద్ర పట్టడం లేదు, టెన్షన్" అంటే ముందుగా చేతికి వచ్చేది ఆల్ప్రాజోలమ్. అది నిజంగానే అలవాటు పడే మందు. వేసుకున్న గంటలోనే హాయిగా ఉంటుంది, కొన్ని వారాలకే ఎక్కువ కావాలనిపిస్తుంది, ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ కూడా రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపింది కూడా ఇదే. 2015లో కల్తీ మీద దాడులు జరిగి ఆ కల్లు దొరకకపోయేసరికి ఎంతమంది వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల్లో చేరారో మా తెలంగాణవాళ్ళకు బాగా గుర్తుంటుంది.

ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి ఆ జాతి కాదు. వేసుకున్న రోజు ఏ హాయీ ఉండదు, ఇంకా కావాలన్న యావ పుట్టదు. రెండు వారాల దాకా ఏమీ తెలియకపోవచ్చు, పూర్తి ఫలితానికి ఆరు వారాలైనా పడుతుంది. చాలామంది పదో రోజున "పని చేయలేదు" అని మానేసి మళ్ళీ ఆల్ప్రాజోలమ్ అడగడానికి వస్తారు. అడిగినవారికి చీటీ లేకుండా ఇచ్చే దుకాణాలు ఉండడం మా వృత్తికే సిగ్గుచేటు.

ఉన్నట్టుండి మానితే మాత్రం వీటితోనూ ఇబ్బంది ఉంది. తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు షాకు కొట్టినట్టు ఉండడం. అందుకే మానేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఇంకొకటి, నాన్నగారు గుండె కోసం ఆస్పిరిన్ వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి, రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఆకుల మందు, మూలికల పొడి ఏదైనా ఇస్తుంటే అది కూడా చెప్పాలి.

కొల్లేరు | జూన్ 11
నేను పశ్చిమ గోదావరిలో ఏఎన్ఎమ్‌గా చేశాను. అమ్మగారి భయం గురించి మీరెవరూ మాట్లాడలేదు, అందుకని రాస్తున్నాను. ఊళ్ళో "ఎర్రగడ్డకు పంపాలి" అన్న మాట తిట్టుగా వాడే చోట, మొగుణ్ణి మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళడం ఆమెకు ఎంత కష్టమో ఆలోచించండి. మా జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్ళు ఒక కార్యక్రమం చేశారు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి, ఇంటింటికీ వెళ్ళి నిద్ర, ఆకలి, దిగులు గురించి అడిగించి, అవసరమైనవాళ్ళను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపించేవారు. దానితో పాటు ఊళ్ళో నాటకాలు వేయించారు, బాగుపడినవాళ్ళ మాటలు వీడియోలో చూపించారు. తెలిసిన ఆశా అమ్మాయి అరుగు మీద కూర్చుని అడిగితే చెప్పేవాళ్ళు, పెద్దాసుపత్రిలో తెల్లకోటు ముందు చెప్పలేనివి.

అమ్మగారితో వాదించకండి. "గుండె డాక్టరు చూశారు, కడుపు డాక్టరు చూశారు, ఇప్పుడు నిద్ర, ఆకలి చూసే డాక్టరు" అని తీసుకెళ్ళండి. అందులో అబద్ధం లేదు. గుడికి వెళ్ళాలంటే వెళ్ళనివ్వండి, దిష్టి తీయాలంటే తీయనివ్వండి. మందు మానకుండా ఉంటే చాలు.

గోరింట | జూన్ 12
కొల్లేరు గారూ, ఈ మాట నాకు తోచనే లేదు. రేపు శనివారం ఊరు వెళ్తున్నాను. నాన్నగారిని ఒంటరిగా ఉన్నప్పుడు అడుగుతాను. పురుగు మందు డబ్బాలు మామయ్య తన ఇంటికి తీసుకెళ్ళాడు. ఏమీ మాట్లాడకుండా వచ్చి తీసుకెళ్ళాడట.

ప్రవాసి | జూన్ 12
డాలస్ నుంచి. నాకు ఇక్కడ మాటల చికిత్సే ఎక్కువ పని చేసింది, కానీ ఇంగ్లీషులో నా ఏడుపు చెప్పుకోవడానికే సగం కాలం పోయింది. ఆన్‌లైన్‌లో హైదరాబాదు సైకాలజిస్టు దొరికాక అమ్మ గురించి తెలుగులో మాట్లాడిన రోజున గాని నాకు విషయం తెగలేదు. మాస్టారికి కౌన్సెలింగ్ కుదురుతుందా? ఆ వయసులో ఎవరైనా ఒప్పుకుంటారా?

కోస్తా డాక్టరు | జూన్ 13
వయసు అడ్డు కాదు. కౌన్సెలింగ్ అంటే ఎవరో నీతులు చెప్పడమని మనవాళ్ళు అనుకుంటారు, అది కాదు. ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన పద్ధతిలో, మనిషికి తనంతట తానుగా వచ్చే ఆలోచనలను రాయించి, వాటికి ఆధారం ఉందా లేదా అని ఇద్దరూ కలిసి పరీక్షిస్తారు. "నేను ఇంటికి భారం" అన్నది ఒక ఆలోచన. లెక్కల మాస్టారికి ఈ పద్ధతి నచ్చుతుందనే నా నమ్మకం, నిరూపణ అడుగుతుంది కాబట్టి.

ఇంకా సులువైనది ఒకటుంది. కుంగిపోయిన మనిషి మనసు బాగయ్యాక పని చేద్దామని ఎదురు చూస్తాడు, పని చేయనందువల్ల మనసు ఇంకా కుంగుతుంది. ఈ చక్రాన్ని పని వైపు నుంచి తెంచడమే ఆ చికిత్స. ఇష్టమైనవి, ఉపయోగమైనవి చిన్న చిన్న ముక్కలుగా చేసి, వేళ నిర్ణయించి, మనసుతో సంబంధం లేకుండా చేయించడం. గోవాలో సంగాత్ సంస్థ దీన్ని సైకాలజీ చదవని మామూలు మనుషులకు నేర్పించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 6 నుంచి 8 విడతలు చేయించింది. విక్రమ్ పటేల్ బృందం 2017లో ఫలితాలు ప్రచురించింది. మూడు నెలలకు తీవ్రమైన కుంగుబాటు నుంచి బయటపడినవాళ్ళు ఈ చికిత్స పొందినవారిలో 64 శాతం, మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం. మనలాంటి దేశానికి ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది? అయినా ఇది ఇంకా ప్రతి మండలానికీ చేరలేదు. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. 2015-16 జాతీయ సర్వేలో ప్రతి 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటు వచ్చిందని తేలింది. సాధారణ మానసిక సమస్యలున్నవారిలో దాదాపు 85 శాతానికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది.

సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు అవునా అని అడగండి. బోర్డు పెట్టిన ప్రతి ఒక్కరూ శిక్షణ పొందినవారు కాదు.

గోరింట | జూన్ 16
అడిగాను. "తెల్లవారుజామున అనిపిస్తుందమ్మా, ఎండ వచ్చాక కాస్త తగ్గుతుంది" అన్నారు. ఇద్దరం చాలాసేపు అలాగే కూర్చున్నాం. తరువాత ఆయనే "డాక్టరు దగ్గరకు వస్తాను" అన్నారు. గుంటూరులో సైకియాట్రిస్టును చూశాం. థైరాయిడ్ బాగానే ఉంది, బి12 కొంచెం తక్కువ, సోడియం మామూలుగానే ఉంది. ఎస్సిటలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మొదలు. అమ్మ తన చేతులతో ఇస్తోంది.

దుఃఖిని | జూన్ 18
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మ చనిపోయి నాలుగు నెలలు. నాన్న రోజూ ఏడుస్తారు. ఇది కూడా జబ్బేనా?

వేపచెట్టు | జూన్ 18
అమ్మా, ముందుగా మీ ఇద్దరికీ నా సానుభూతి. నాకు మా డాక్టరు చెప్పింది చెబుతాను. దుఃఖం అలలుగా వస్తుంది, మధ్యలో మనవడిని చూసి నవ్వు కూడా వస్తుంది, పోయిన మనిషి గుర్తుకొస్తే ఏడుపు వస్తుంది. కుంగుబాటులో ఆ మధ్య ఖాళీలు ఉండవు, తన మీద తనకే అసహ్యం ఉంటుంది. ఆయన ఏడవనివ్వండి, పక్కన కూర్చుని ఆవిడ గురించి మాట్లాడండి. తిండి, నిద్ర పూర్తిగా పోయినా, ఆవిడ దగ్గరకే వెళ్ళిపోతాననే మాట వచ్చినా, నెలలు గడిచేకొద్దీ కొంచెం కూడా తేలికపడకపోయినా డాక్టరుకు చూపించండి.

గోరింట | జూలై 2
సాయం కావాలి. నాన్నగారు రెండు రోజులుగా మత్తుగా ఉన్నారు. మాట తడబడుతోంది, నిన్న బాత్రూములో తూలి పడబోయారు. నన్ను మా అత్త పేరుతో పిలిచారట. అమ్మ ఏడుస్తోంది, "మందు వల్లే" అంటోంది. మామయ్య మందు మాన్పించమంటున్నాడు. సైకియాట్రిస్టు ఫోను కలవడం లేదు.

కోస్తా డాక్టరు | జూలై 2
ఇప్పుడే దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తంలో సోడియం చూపించండి. రేపటిదాకా ఆగవద్దు. ఆయన వాడే బీపీ మాత్ర పేరు చివర "హైడ్రోక్లోరోథయజైడ్" లేదా "క్లోర్తాలిడోన్" ఉందేమో చూసి అక్కడ చెప్పండి. ఈ రోజు మాత్ర ఇవ్వాలా వద్దా అక్కడి డాక్టరు చెబుతారు.

గోరింట | జూలై 4
సోడియం 122, బాగా తక్కువన్నారు. బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంది. ఆసుపత్రిలో చేర్చుకుని జాగ్రత్తగా పెంచారు. ఈ ఉదయం 133. నన్ను గుర్తుపట్టి "ఆఫీసుకు సెలవు పెట్టావా?" అని అడిగారు. డాక్టరు గారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

కోస్తా డాక్టరు | జూలై 4
ఆయన కోలుకుంటున్నారు, అదే చాలు. చదివే అందరి కోసం వివరిస్తాను. 60 దాటినవారిలో ఎస్సిటలోప్రామ్ జాతి మందులు సోడియంను తగ్గించవచ్చు. సాధారణంగా మొదటి కొన్ని వారాల్లోనే జరుగుతుంది. హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి నీటిమాత్ర కలిసిన బీపీ మందు కూడా ఉంటే ముప్పు బాగా పెరుగుతుంది. అందుకే మొదలుపెట్టిన రెండు వారాలకు మళ్ళీ సోడియం పరీక్ష చేయించాలి. చాలా చౌకైన పరీక్ష. మన దగ్గర మొదటి పరీక్ష చేసి రెండోది వదిలేస్తారు. మత్తు, తడబాటు, తూలడం కనిపిస్తే మతిమరుపు వ్యాధి అనుకుని ఊరుకోకూడదు.

ఇది జరిగినంత మాత్రాన చికిత్స ముగిసినట్టు కాదు. బీపీ మందు మార్చవచ్చు. కుంగుబాటుకు సోడియంను అంతగా తగ్గించని మందులు ఉన్నాయి. మిర్టాజపిన్ రాత్రిపూట ఇస్తే నిద్ర, ఆకలి కూడా మెరుగవుతాయి. మీ డాక్టరుతో మాట్లాడండి. అమెరికాలో సుమారు 4,000 మందిని పరిశీలించిన పెద్ద అధ్యయనంలో మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నది మూడో వంతు మందే. రెండోది, అవసరమైతే మూడోది చూడడం ఈ వైద్యంలో మామూలు విషయం. మొదటిది కుదరలేదని కుటుంబాలు ఆశ వదులుకోవడం నేను ఎక్కువగా చూసే నష్టం.

సూటి మాట | జూలై 5
నేను ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. మందుల మీద నా అనుమానాలు పోలేదు. కానీ ఏ మందు ఎవరికి ఎందుకు, ఏ పరీక్ష ఎప్పుడు అని ఇంత ఓపికగా చెబితే మా చెల్లెలు చికిత్స మధ్యలో మానేసేది కాదు. డాక్టరు గారూ, ఆమె వయసు 22. మళ్ళీ మొదలుపెట్టాలంటే ఏం జాగ్రత్తలు?

కోస్తా డాక్టరు | జూలై 5
25 లోపు వయసువారిలో మందు మొదలుపెట్టిన, మోతాదు మార్చిన తొలి వారాల్లో చావు ఆలోచనలు కొంతమందిలో పెరగవచ్చు. ఆ వారాల్లో ఇంట్లో ఒకరు రోజూ మాట్లాడుతూ గమనించాలి, డాక్టరు వారానికోసారి చూడాలి. కుంగుబాటు తేలికపాటిదైతే మాటల చికిత్సతో మొదలుపెట్టమని అడిగే హక్కు ఆమెకు ఉంది. మూడు రకాల మాత్రలు ఒకేసారి ఎందుకని అడిగే హక్కు కూడా ఉంది. ఈసారి మీరు వెంట వెళ్ళండి.

గోదారి గట్టు | జూలై 7
ఇంత చర్చలో ఎవరూ షాక్ ట్రీట్‌మెంట్ గురించి మాట్లాడలేదు. ఆ పేరు వింటేనే భయం కదా. మా అమ్మ పూర్తిగా తిండి మానేసి, నీళ్ళు కూడా తాగకుండా గోడ వైపు తిరిగి పడుకున్నప్పుడు ఏ మందూ వేళకు అందదన్నారు. సినిమాల్లో చూపించినట్టు నలుగురు పట్టుకుని చేస్తారనుకుని అన్నయ్య కాళ్ళు వణికాయి. అలా కాదు. మత్తు డాక్టరు ఉంటారు, నిద్రపుచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చి చేస్తారు. బయట కూర్చున్న మాకు కాఫీ తాగేలోపే అయిపోయింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు లేకుండా చేయడం నిషేధం అని అక్కడే చెప్పారు. వారానికి రెండు మూడు సార్లు, మొత్తం పన్నెండు లోపే. ఆ రోజుల సంగతులు కొన్ని అమ్మకు గుర్తు లేవు, అది నిజం, ఇప్పటికీ మేము చెప్పాల్సి వస్తుంది. కానీ ఆమె లేచి కూర్చుని ఉప్మా అడిగింది. పెద్దవాళ్ళు తిండి మానేసి ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఆ మార్గం ఉందని తెలియాలి.

బాలింత | జూలై 9
పాప పుట్టి రెండు నెలలు. పాపను ఎత్తుకోవాలంటే భయం వేస్తోంది, రాత్రి పాప నిద్రపోయినా నాకు నిద్ర రాదు. అత్తగారు "మేమంతా కనలేదా" అంటారు. పాలిచ్చే తల్లి ఈ మందులు వాడవచ్చా?

కోస్తా డాక్టరు | జూలై 9
వాడవచ్చు తల్లీ. సెర్ట్రలిన్ లాంటివి పాలలోకి చాలా తక్కువగా వెళ్తాయి, డాక్టరు పర్యవేక్షణలో ఎందరో తల్లులు వాడుతున్నారు. పుట్టిన కొద్ది రోజుల్లో వచ్చి రెండు వారాల లోపు తగ్గే దిగులు వేరు. రెండు నెలలకూ ఉంటే ఇది చికిత్స చేయాల్సిన జబ్బు. మీ తప్పు ఇందులో ఏమీ లేదు. ఈ వారమే కాన్పు చేసిన డాక్టరుకు చెప్పండి. పాపకు గానీ మీకు గానీ హాని చేసే ఆలోచనలు వస్తే, లేనివి వినిపించినా, ఎవరో కుట్ర చేస్తున్నట్టు అనిపించినా అది అత్యవసరం, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. భర్తను ఈ చర్చ చదవమనండి.

గోరింట | సెప్టెంబరు 14
చాలా రోజులకు వచ్చాను. బీపీ మందు మార్చారు. మిర్టాజపిన్ రాత్రిపూట ఇస్తున్నారు, సోడియం నిలకడగా ఉంది. మొదట నిద్ర కుదిరింది, తరువాత ఆకలి. మనసు అన్నిటికంటే ఆలస్యంగా తిరిగింది. మధ్యలో కొన్ని రోజులు మళ్ళీ మంచం మీదే ఉన్నారు, అప్పుడు ఇక్కడి జవాబులు చదువుకుని ఓపిక పట్టాను. సైకాలజిస్టు ఆయన చేత వేళల పట్టిక వేయించారు. సాయంత్రం ఐదింటికి ఎదురింటి తొమ్మిదో తరగతి పిల్లాడికి లెక్కలు చెప్పడం అందులో ఒకటి. మొదటి రోజు పావుగంటకే అలసిపోయారు, ఇప్పుడు ఆ పిల్లాడే అలసిపోతున్నాడు. మామయ్య ఊళ్ళో ఇంకొకరిని అదే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు.

అమ్మ ఇప్పుడు అడిగేది ఒకటే: బాగయ్యారు కదా, ఇక మానేయవచ్చా?

కోస్తా డాక్టరు | సెప్టెంబరు 14
ఇప్పుడే వద్దు. పూర్తిగా బాగయ్యాక కనీసం 6 నుంచి 9 నెలలు అదే మోతాదు కొనసాగించాలి, పెద్ద వయసులో ఇంకా ఎక్కువ కాలం సూచిస్తాం. ఇంతకు ముందు ఇలా వచ్చి ఉంటే రెండేళ్ళు లేదా అంతకు మించి. ఆ తరువాత మెల్లగా తగ్గించుకుంటూ ఆపవచ్చు. తిరగబెట్టే సూచన ఆయనకు తెల్లవారుజామున మెలకువ, పేపరు చదవకపోవడం. అమ్మగారికి ఆ రెండూ తెలుసు కాబట్టి కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు. వారం పాటు అలా కనిపిస్తే అపాయింటుమెంటు వేళ కోసం ఆగకుండా చూపించమనండి.

ప్రవాసి | సెప్టెంబరు 15
ఆసుపత్రి ఖర్చు బీమా ఇచ్చిందా? మా అమ్మానాన్నల పాలసీలో మానసిక జబ్బులు ఉంటాయో లేదో తెలియడం లేదు.

మందుల బీరువా | సెప్టెంబరు 15
మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 21వ సెక్షన్ చూడండి. శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని అందులో ఉంది. చేరి చికిత్స తీసుకుంటే అడగండి. ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే మందులు, కౌన్సెలింగ్ ఖర్చు మాత్రం చాలా పాలసీల్లో రాదు, ఏ జబ్బుకైనా అంతే. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, అక్కడ తేలకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయండి. దానికి రుసుము లేదు. నెలనెలా మందుల ఖర్చుకు జన ఔషధి దుకాణంలో అడిగి చూడండి, ఎస్సిటలోప్రామ్ లాంటివి అక్కడ బాగా తక్కువకు దొరుకుతాయి.

గోరింట | సెప్టెంబరు 15
మాకు సోడియం తగ్గినప్పటి ఆసుపత్రి బిల్లు బీమాలో వచ్చింది. ప్రవాసి గారూ, క్లెయిమ్ పత్రంలో జబ్బు పేరు దాచకుండా రాయండి. మా విషయంలో అమ్మ అది దాచమని అడగలేదు.